వేరుశనగ చేలో దుక్కి మానేస్తే మిగిలేదెంత? నాన్నగారు ఎందుకు ఒప్పుకోవడం లేదు?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను, చదివేవాళ్లకు తెలియాలి కాబట్టి. మీరు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సొంతూరు కదిరి దగ్గర. 6 ఎకరాల ఎర్రనేల, వర్షాధారం, ఏటా వేరుశనగే. ఒక్కో ఎకరానికి నాలుగు సార్లు ట్రాక్టర్ తిరుగుతుంది, దానికే 5,000 అవుతోంది. మంచి ఏడాది ఎకరాకు 5 క్వింటాళ్లు, చెడ్డ ఏడాది విత్తనం ఖర్చు కూడా రాదు. దున్నకుండా, నేలను కప్పి ఉంచి చేసే పరిరక్షణ సాగు వీడియోలు చూసి నాన్నగారికి చెబితే కోప్పడుతున్నారు. ఇది నిజంగా లాభమేనా, ఆయన్ని ఎలా ఒప్పించాలి అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. మీ పొలంలో దుక్కి పూర్తిగా మానేయకండి, సగానికి తగ్గించండి. మొదటి ఏడాది డబ్బు కనపడేది వేరుశనగలో ఇంకో పంట కలపడంలో. దుక్కి తగ్గించడం వల్ల వచ్చేది మొదట్లో చాలా తక్కువ. ఇక మీ నాన్నగారి కోపం వెనక ఒక లెక్క ఉంది. ఆయన కాగితం మీద వేసి ఉండరు గానీ, లెక్క మాత్రం చాలావరకు సరైనదే.

నేను వ్యవసాయం చదివి ఇరవై ఆరేళ్లు పొలాల వెంట తిరిగినవాణ్ని. మొదట తెనాలి వైపు, తర్వాత అనంతపురం, మదనపల్లె, ఇప్పుడు కర్ణాటకలో చింతామణి, శ్రీనివాసపురం. బెంగళూరు కె.ఆర్.పురంలో ఇల్లు, వారంలో మూడు రోజులు బయటే. మీలాగే శుక్రవారం రాత్రి మెజెస్టిక్‌లో బస్సెక్కి ఊరికి పోయి, ఆదివారం నాన్నతో గొడవపడి తిరిగి వచ్చే పిల్లల్ని చాలామందిని చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పరిరక్షణ సాగు అంటే మూడు పనులు కలిపి చేయడం. నేలను వీలైనంత తక్కువ కదిలించాలి. ఏడాది పొడుగునా కనీసం 30 శాతం నేల ఆకో, గడ్డో, మొక్కో కప్పుకుని ఉండాలి. ఒకే పంట మళ్లీ మళ్లీ వేయకుండా మార్చాలి లేదా కలపాలి. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ చెప్పే నిర్వచనం ఇదే. మీరు చూసిన వీడియోల్లో మొదటిదాన్నే పట్టుకుని "నాగలి మానేయండి" అంటారు. చిక్కు అక్కడే వస్తుంది.

2015లో నేచర్ పత్రికలో ఒక పెద్ద పరిశీలన వచ్చింది. 63 దేశాల్లో, 48 పంటల మీద జరిగిన 610 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. దున్నడం మానేస్తే మొత్తం మీద దిగుబడి 5.7 శాతం తగ్గింది. మిగతా రెండు పనులూ చేయకుండా దుక్కి ఒక్కటే మానేసినచోట దాదాపు 10 శాతం తగ్గింది. మూడూ కలిపి చేసిన చోట, అదీ వాన తక్కువగా పడే వర్షాధార నేలల్లో, 7.3 శాతం పెరిగింది. అంటే మీ ప్రాంతం లాంటి చోట దీనికి అవకాశం ఉంది, కానీ మూడూ చేస్తేనే. ఒకటి చేసి రెండు వదిలేస్తే నష్టం.

ఇప్పుడు మీరిచ్చిన అంకెలతోనే లెక్క వేద్దాం. నాలుగు సార్లలో రెండు తగ్గిస్తే ఎకరాకు 2,500 ఆదా. బాగానే ఉంది. 2025-26కు వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. 5 క్వింటాళ్ల దిగుబడిలో 10 శాతం తగ్గితే అర క్వింటాలు పోయినట్టు, అంటే 3,600 రూపాయలు. దుక్కి తగ్గితే కలుపు పెరుగుతుంది, దానికి ఇంకో నలుగురైదుగురు కూలీలు కావాలి. మరి 2,500 ఆదా ఎక్కడికి పోయింది? మీ నాన్నగారికి కనపడుతున్నది ఈ అర క్వింటాలే. మీకు కనపడుతున్నది ట్రాక్టర్ బిల్లు. ఇద్దరూ ఒకే పొలాన్ని చూస్తున్నారు, కానీ చెరొక వైపు నుంచి.

వేరుశనగకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది, దీని గురించి వీడియోల్లో ఎవరూ మాట్లాడరు. గోధుమ, మొక్కజొన్న, జొన్న గింజ నేల పైన కాస్తాయి. వేరుశనగ పూత పైన పూసి, ఊడ నేలలోకి దిగి, కాయ లోపల ఊరుతుంది. నేల గట్టిగా ఉంటే ఊడ దిగదు. దిగినా కోత సమయానికి తేమ లేకపోతే మొక్క పీకినప్పుడు కాయలు సగం నేలలోనే తెగి ఉండిపోతాయి. పైగా కోత అంటేనే మొక్కను వేళ్లతో సహా లాగేయడం. నేల ఎలాగూ కదులుతుంది, కట్టె (కాయ కోశాక మిగిలే ఎండు మొక్క) మొత్తం పశువుల మేతకు ఇంటికి వెళ్తుంది, చేలో కప్పడానికి ఆకు కూడా మిగలదు. కాబట్టి వేరుశనగ ఒక్కటే వేసే పొలంలో పరిరక్షణ సాగు అనే మాటకు పెద్దగా అర్థం లేదు. మధ్యలో జొన్నో, కొర్రో, కందో రావాలి.

నేను తప్పు చేసింది కూడా ఇక్కడే. 2000ల మొదట్లో ఒక వాటర్‌షెడ్ పనిలో ఉన్నప్పుడు, ఎర్రనేలలో ఒక రైతుకు దున్నకుండా నేరుగా విత్తనం వేయమని చెప్పాను. ఆయన నన్ను నమ్మి రెండెకరాలు ఇచ్చాడు. విత్తిన మూడో రోజు గట్టి వాన పడింది, ఆ తర్వాత వారం ఎండ కాసింది. పైపొర అప్పడంలా గట్టిపడిపోయింది. వేలితో ఎత్తితే పెంకులు పెంకులుగా లేచేది, కింద మొలక వంకర తిరిగి, తెల్లగా పాలిపోయి ఉండేది. మొలిచిన చోట గరిక, తుంగ కమ్మేశాయి. ఈ రెండూ దుంపల నుంచి, కాడల నుంచి వచ్చే కలుపు, దుక్కి ఆపితే వాటికి పండగే. ఆ ఏడాది ఆయనకు ఏమీ మిగల్లేదు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మరుసటి ఏడాది మాత్రం ఆ రెండెకరాలకు ఇంకో దుక్కి ఎక్కువ వేయించాడు. చుట్టుపక్కల ఐదారు ఊళ్లలో ఆ పద్ధతి పేరెత్తడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఒక రైతు చేలో జరిగిన నష్టం ఎన్ని మీటింగులు పెట్టినా చెరగదు.

తెనాలి వైపు నేను దీనికి పూర్తి వ్యతిరేకమైన అనుభవం చూశాను. కృష్ణా డెల్టాలో కోతకు రెండు మూడు రోజుల ముందే, నిలబడి ఉన్న వరిలో మినుము, పెసర చల్లడం పాత పద్ధతి. నాగలి పెట్టరు, మాగాణిలో మిగిలిన తేమతోనే పంట వచ్చేస్తుంది. ఆకులు పసుపు పచ్చగా మారే పల్లాకు తెగులు, పంటకు చుట్టుకుని పీల్చేసే బంగారు తీగ అనే కలుపు మినుమును దెబ్బతీస్తూ వచ్చాయి. కాలువ నీళ్లు ఆలస్యమై వరి కోతలు వెనక్కి జరిగాయి. దాంతో 2000 తర్వాత రైతులు అదే మాగాణిలో దున్నకుండా మొక్కజొన్న పెట్టడం మొదలుపెట్టారు. వరి కోసిన మర్నాడో, రెండు రోజులకో పొలానికి అడ్డంగా తాడు లాగుతారు. ఆడవాళ్లు వరసగా నిలబడి కర్రతో గుంత పొడిచి, గింజ వేసి, కాలితో అదిమి ముందుకు కదులుతారు. వరసకు వరసకు మధ్య 60 సెంటీమీటర్లు, గింజకు గింజకు మధ్య 20. వరి మోళ్ల మధ్య నుంచి మొలక లేస్తుంది. ఎకరాకు 35, 40 క్వింటాళ్లు తీసినవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు.

వాళ్లనెవరూ ఒప్పించలేదు. సబ్సిడీ ఇవ్వలేదు, పరిరక్షణ అనే మాట కూడా ఎవరూ అనలేదు. "జీరో టిల్లేజ్ మొక్కజొన్న" అన్నారు, వేశారు. కారణం ఒక్కటే, రోజులు. నల్లరేగడి మాగాణిలో వరి కోశాక దున్నాలంటే నేల ఆరాలి. ఆరాక దున్నితే బెడ్డలు లేస్తాయి, అవి విరగాలంటే మళ్లీ తడి పెట్టాలి. ఇదంతా అయ్యేసరికి రెండు మూడు వారాలు పోతాయి, ఆ లోపు ఉన్న తేమ ఆవిరైపోతుంది. దున్నకపోతే దుక్కి ఖర్చు మిగిలింది, దానికంటే ముఖ్యంగా కాలం కలిసొచ్చింది. లాభం మొదటి పంటలోనే చేతికి వచ్చింది. ఉత్తరాదిన వరి తర్వాత గోధుమను దున్నకుండా విత్తే పద్ధతి పాకింది కూడా ఇందుకే. అక్కడ నవంబర్ రెండో పక్షం దాటాక ఆలస్యమయ్యే ప్రతి రోజూ గోధుమ దిగుబడి తగ్గుతూ పోతుంది. నాగలి మానితే విత్తనం ముందుగా పడుతుంది.

డెల్టా కథలో ఒక చేదు భాగం కూడా చెప్పాలి. అది జీరో టిల్లేజే గానీ, పూర్తి పరిరక్షణ సాగు కాదు. గడ్డి పశువులకో, అమ్మకానికో పోతుంది. కలుపును పారాక్వాట్, అట్రజిన్‌లతో చంపుతారు. పారాక్వాట్‌కు విరుగుడు మందు లేదు, ఒంట్లోకి పోతే ఆసుపత్రిలో కూడా చేయగలిగింది చాలా తక్కువ. కేరళ 2011లోనే దాన్ని నిషేధించింది. ఏ రైతుకూ నేనుగా దాని పేరు చెప్పను, మీరూ మీ పొలంలోకి రానివ్వకండి.

ఈ రెండు అనుభవాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలిందేమిటంటే, మొదటి పంటకే లాభం చూపించిన పద్ధతిని రైతు తనంతట తానే తీసుకుంటాడు. మూడో ఏడో, నాలుగో ఏడో ఫలితమిచ్చే పద్ధతిని తీసుకోవాలంటే ఆ మధ్య నష్టం ఎవరు భరిస్తారో తేలాలి. ప్రాజెక్టు నడిచినంత కాలం విత్తనం ఉచితం, యంత్రం ఉచితం, కాబట్టి చేస్తారు. ప్రాజెక్టు అయిపోతే మానేస్తారు. దాన్ని రైతు మొండితనం అని రిపోర్టుల్లో రాసుకోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. కౌలు రైతు సంగతైతే ఇంకా స్పష్టం. వచ్చే ఏడాది ఆ పొలం తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి నాలుగేళ్ల తర్వాత బాగుపడే నేల కోసం ఈ ఏడాది కడుపు ఎందుకు కాల్చుకుంటాడు? మీది సొంత భూమి, అది మీకు పెద్ద అనుకూలం.

ఇక నేలను కప్పే సంగతి. చింతామణి దగ్గర ఒక రైతు ఇంట్లో కూర్చుని రాగి గడ్డి చేలోనే పరచమని చెప్తున్నాను. ఆయన భార్య పాలు పిండుకుని చెంబుతో వచ్చింది. ఆమే అడిగింది: "గడ్డంతా నేలకే పరిస్తే ఆవు నోట్లో ఏం పెట్టేది సార్?" నా దగ్గర జవాబు లేదు. ఒక ఆవు రోజుకు ఆరేడు కిలోల ఎండుమేత తింటుంది, ఏడాదికి రెండు టన్నుల పైమాటే. ఆ ఇంట్లో రెండు ఆవులు. రాగులు ఏడాదికి ఒకసారి డబ్బు తెస్తాయి, పాలు వారం వారం తెస్తాయి. పిల్లల ఫీజు, కిరాణా, మందులు అన్నీ పాల డబ్బులోంచే. నేల కోసం గడ్డి వదలమంటే ఆ ఇంటి రోజువారీ డబ్బును వదలమన్నట్టే. మీ ఊళ్లో కూడా వేరుశనగ కట్టెకు రేటు ఎంత పలుకుతుందో నాన్నగారిని అడగండి, నేను చెప్పేది అర్థమవుతుంది.

మీ వైపు ఇంకో సంగతి ఉంది, గొర్రెలు. కోతలయ్యాక మందలు చేలన్నీ తిరుగుతాయి. మీరొక్కరే మోళ్లు వదిలి, ఆకు పరిచి, "నా చేలోకి రావద్దు" అంటే కుదరదు, కంచె వేసే ఖర్చు మీరు పెట్టలేరు. కానీ అదే మందను రెండు మూడు రాత్రులు చేలో పడుకోబెట్టించుకునే పద్ధతి రాయలసీమలో ఎప్పటినుంచో ఉంది. పెంట, మూత్రం అక్కడే పడతాయి. కాబట్టి మంద వాళ్లతో తగువు పెట్టుకోకండి. మాట్లాడి ఒక ఒప్పందానికి రండి: ఈ ఎకరంలో ఫలానా నెల దాకా వద్దు, మిగతా ఐదెకరాల్లో మీ ఇష్టం, ఆ తర్వాత మంద ఇక్కడే పెట్టండి, డబ్బిస్తాం అని. నేను చూసిన చోట్ల ఇలాంటి ఒప్పందాలే నిలిచాయి.

మరి నేలను దేనితో కప్పాలి? పశువు తినని ఆకుతో. గట్ల మీద గ్లిరిసిడియా నాటండి. హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అదే క్రీడా (CRIDA), ఎన్నో ఏళ్లుగా చెప్తున్నది ఇదే. కొమ్మ నాటినా వస్తుంది, నారు నాటితే ఇంకా గట్టిగా నిలబడుతుంది. పచ్చి ఆకు వాసనకు పశువులు అంతగా ముట్టవు. రెండో ఏడు నుంచి ఏడాదికి రెండు మూడు సార్లు కొట్టి సాళ్ల మధ్య పరచవచ్చు. ఎర్రనేలలో ఎండాకాలం ఏం పరిచినా చెదలు తినేస్తాయి, దానికి భయపడకండి. తినేది నేలలోకే పోతుంది, కానీ కప్పు నిలబడదు కాబట్టి వానాకాలం మొదట్లో పరిస్తేనే ఫలితం ఎక్కువ. రెండో మార్గం ఉలవలు. వేరుశనగ పీకాక అక్టోబర్‌లో ఒక మంచి వాన దొరికితే ఉలవలు చల్లేయండి. నేల కప్పుతుంది, మేత వస్తుంది, దేవుడి దయ ఉంటే గింజా వస్తుంది. ఆ విత్తనానికి పెద్ద ఖర్చు లేదు, పోయినా గుండె బరువెక్కదు.

ఆంధ్రలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో తొలకరికి ముందే నవధాన్యాలు చల్లే పద్ధతి ఉంది. మీ మండలంలో కూడా చేస్తున్నవాళ్లు ఉండవచ్చు, వెళ్లి చూడండి. మే నెలలో ఒకటి రెండు జల్లులు పడిన ఏడాది అది అందంగా వస్తుంది. పడని ఏడాది విత్తనాలు చీమలకు పోతాయి. ఒక ఎకరానికే చేసి చూడండి.

ఇంత కష్టం ఎందుకు అని మీకు అనిపించవచ్చు. నీళ్ల కోసం. మీ పొలంలో అసలు లాభం నీళ్లలోనే ఉంది. ఎకరం మీద ఒక్క మిల్లీమీటర్ వాన అంటే 4,000 లీటర్లకు పైనే. 20 మిల్లీమీటర్ల వాన పడితే 80,000 లీటర్లు. బెంగళూరులో ఉన్నవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. 2024 ఎండాకాలంలో ట్యాంకర్ కోసం ఎంత టెన్షన్ పడ్డామో మర్చిపోలేదు కదా. 6,000 లీటర్ల ట్యాంకర్లు పదమూడు వచ్చి మీ ఎకరంలో గుమ్మరించినట్టు. రోటావేటర్‌తో పిండి చేసిన ఎర్రనేల మీద అందులో ఎక్కువ భాగం ఎర్రటి బురదై వాగులో కలుస్తుంది. పాత అనంతపురం జిల్లాకు ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఊడలు దిగే దశలోనో, కాయ ఊరే దశలోనో పది, పదిహేను రోజులు వాన ఆగిందంటే పంట పోతుంది. నేల తాగి దాచుకున్న నీళ్లు ఆ వాన మొహం చాటేసిన రోజుల్ని దాటిస్తే, మీరు 5 క్వింటాళ్ల ఏడాదిని 6 చేయడం కంటే, ఏమీ రాని ఏడాదిని 2 క్వింటాళ్ల ఏడాదిగా మార్చగలుగుతారు. వర్షాధార రైతుకు ఈ రెండోదే ఎక్కువ విలువైనది. అప్పు పుట్టేది ఆ ఏడాదే కదా.

సరే, ఏం చేయాలి? మొదట రోటావేటర్ ఆపండి. నాలుగు సార్లలో అత్యంత హాని చేసేది అదే. పైన నాలుగైదు అంగుళాలు పొడి చేసి, కింద ఒక గట్టి పొరను తయారు చేస్తుంది. విత్తనం మొలకకు నున్నటి నేల అందంగా కనపడుతుంది, రెండు వానలకు అదే పెంకు కడుతుంది. వేసవిలో ఒక దుక్కి, వాలుకు అడ్డంగా. విత్తే ముందు గుంటక తోలి గొర్రుతో విత్తండి. మొత్తం రెండు సార్లు. మధ్యలో 3.6 మీటర్లకు ఒకటి చొప్పున గొడ్డు సాలు, అంటే విత్తనం వేయని సాలు, వదలండి. మీ నాన్నగారికి గొడ్డు సాలు గురించి నేను చెప్పాల్సిన పని లేదు, ఆయన నాన్న తీసే ఉంటారు. ఆ సాలులో నీళ్లు నిలిచి ఇంకుతాయి. పైసా ఖర్చు లేదు.

రెండోది, కంది. ప్రతి ఏడు లేదా పదకొండు వేరుశనగ సాళ్లకు ఒక కంది సాలు. 2025-26కు కంది మద్దతు ధర క్వింటాలుకు 8,000. ఎకరాకు అర క్వింటాలు వచ్చినా 4,000, పైన చెప్పిన దిగుబడి నష్టాన్ని ఇదొక్కటే పూడ్చేస్తుంది. కంది వేరు లోతుకు పోయి గట్టి నేలను చీలుస్తుంది, ఆకు రాలి చేలోనే పడుతుంది. వేరుశనగ పోయిన ఏడాది కూడా కంది ఎంతోకొంత నిలబడటం నేను చాలాసార్లు చూశాను. కోలారు వైపు రాగుల్లో అవరె (అనుములు), కంది, ఆవాలు, ఆముదం కలిపి వేసే పద్ధతి ఉంది, కన్నడంలో దాన్ని ‘అక్కడి సాలు’ అంటారు. అక్కడి తెలుగు రైతులకు ఇది కొత్తగా నేర్పాల్సిన విషయం కాదు, మర్చిపోకుండా చూడాల్సిన విషయం. మీ ఊళ్లో కూడా ముసలివాళ్లను కదిపితే ఇలాంటివే చెప్తారు. మూడో ఏడో, కనీసం నాలుగో ఏడో ఆ ఎకరంలో వేరుశనగ ఆపి కొర్రో, జొన్నో వేయండి. వెన్ను మాత్రం కోసి, మోకాలెత్తు మోళ్లు వదిలేయండి.

కలుపు గురించి ఒక్క మాట, దీన్ని మగవాళ్లు లెక్కలో వేయరు. దుక్కి తగ్గితే ట్రాక్టర్‌కు ఇచ్చే డబ్బు మిగులుతుంది, అది నాన్నగారి జేబులో కనపడుతుంది. పెరిగిన కలుపు తీసేది మీ అమ్మగారు. ఆమె శ్రమకు బిల్లు ఉండదు కాబట్టి "ఖర్చు తగ్గింది" అంటారు. మొదటి రెండేళ్లు కలుపు కూలీలకు విడిగా డబ్బు పక్కన పెట్టండి, ఆ భారం ఆమె నడుము మీద పడనివ్వకండి. గరిక ఎక్కువగా ఉన్న చెక్కను అసలు ఈ ప్రయోగానికి ఎంచుకోవద్దు.

యంత్రాలు కొనాలనే ఆలోచన వస్తుంది, వద్దు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణ జీకేవీకేలో సాధారణంగా నవంబర్‌లో కృషి మేళా జరుగుతుంది, వెళ్లి చూడండి, నాన్నగారిని కూడా తీసుకెళ్లండి, ఆయన మీకంటే మంచి ప్రశ్నలు అడుగుతారు. కానీ ఏడాదికి పది రోజులు పనిచేసే యంత్రాన్ని ఆరు ఎకరాల కోసం కొంటే పదేళ్లయినా అసలు రాదు. అద్దెకు దొరికితే తీసుకోండి. నేలలో కార్బన్ దాచినందుకు డబ్బిస్తామనే కార్బన్ క్రెడిట్ల పేరుతో ఎవరైనా వస్తే, డబ్బు ఖాతాలో పడేదాకా దాన్ని బడ్జెట్‌లో రాసుకోకండి, అది ఉంటుందని నమ్మి ఏ ఖర్చూ పెట్టకండి.

ఇక నాన్నగారిని ఒప్పించడం. ఒప్పించకండి. ఆయన దగ్గర ఒక ఎకరం అడగండి, దానికి పూచీ మీరు తీసుకోండి. "ఈ ఎకరంలో మిగతా ఎకరాల కంటే ఎంత తక్కువ వస్తే అంత నా జీతంలోంచి ఇస్తాను, మూడేళ్లు" అని ఆయన ముందు చెప్పండి, అన్నమాట ప్రకారం ఇవ్వండి. పైన వేసిన లెక్క ప్రకారం కొంచెం గట్టిగా తగ్గినా అది ఏడాదికి నాలుగైదు వేలు. బెంగళూరు జీతంలో ఒక వీకెండ్ ఖర్చు. అదే మొత్తం మీ నాన్నగారికి ఒక సీజన్ ఎరువుల అప్పు. చింతామణి దగ్గర ఒక కుర్రాడు అచ్చంగా ఇలాగే చేశాడు. మొదటి ఏడాది 3,000 ఇవ్వాల్సి వచ్చింది. రెండో ఏడాది ఏమీ ఇవ్వలేదు. మూడో ఏడాది వాళ్ల నాన్న ఎవరికీ చెప్పకుండా ఇంకో ఎకరన్నరలో రోటావేటర్ ఆపేశాడు. కొడుక్కి ఆ సంగతి ట్రాక్టర్ డ్రైవర్ చెప్తే తెలిసింది.

ఈసారి ఊరికి వెళ్లినప్పుడు రెండు చిన్న పనులు చేయండి. చేను మధ్య నుంచి ఒక మట్టి గడ్డ, గట్టు మీద చింతచెట్టో వేపచెట్టో ఉంటే దాని మొదట్లోంచి ఒక మట్టి గడ్డ, నిమ్మకాయంత, తీసి విడివిడిగా కాగితంలో చుట్టి బెంగళూరు తెచ్చుకోండి. రెండు రోజులు ఆరనిచ్చి, రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి నెమ్మదిగా ఒక్కోదాంట్లో ఒక్కోటి వదలండి. చేలోది కొద్ది నిమిషాల్లోనే విచ్చిపోయి నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. చెట్టు కిందిది చాలాసేపు ముద్దగా నిలబడే అవకాశం ఎక్కువ. ఆకు, వేళ్లు కలిసిన మట్టి నీళ్లను ఎలా పట్టుకుంటుందో కళ్లారా కనపడుతుంది. వీడియో తీసి నాన్నగారికి పంపండి, ఏమీ రాయకుండా.

రెండోది, వాన పడిన మర్నాడు గడ్డపారతో మోచేయి లోతు గుంత తీయండి. ఎక్కడ గడ్డపార చప్పుడు మారిందో, వేళ్లు ఎక్కడ పక్కకు తిరిగాయో కొలవండి. జాన లోపే గట్టి పొర తగిలితే, ఈ వేసవిలో ఆ ఎకరానికి ఒకసారి ఉలి నాగలి (లోతుగా దిగి గట్టి పొరను చీల్చేది) వేయించాల్సిందే, అది లేకుండా దుక్కి తగ్గిస్తే నేను పైన చెప్పిన ఆ రైతుకు జరిగిందే మీకూ జరుగుతుంది. జాన కంటే లోతుగా ఉంటే ఆ ఖర్చు అక్కర్లేదు. కొలత ఎంత వచ్చిందో ఇక్కడే రాయండి, గరిక ఎంత ఉందో ఒక ఫొటో కూడా పెట్టండి.